ముక్కిన సోయాపిండి

సముద్రం ఒడ్డున చేపల వేటగాళ్ల పేటలో పిల్లల కేంద్రానికి నన్ను టీచరుగా వేసేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. డెబ్బైల చివరి సంవత్సరాలవి. పేరుకే టీచరుని. నేను పాటలు నేర్పింది తక్కువ, పిండి వండింది ఎక్కువ. తగరపువలస నుంచి వచ్చే బస్సు దిగి, ఇసకలో కాళ్లు ఈడ్చుకుంటూ కేంద్రం చేరేసరికే సగం ఓపిక అయిపోయేది. అప్పటికి ఆయా పొయ్యి వెలిగించి కూర్చునేది.

ఆయాకి యాభై దాటాయి. అంతకుముందు ఎండుచేపల బేరం చేసేది. మోకాళ్లు పట్టేసి, గంప మొయ్యలేక ఈ పనికి వచ్చింది. కూతురు పోయాక మూడేళ్ల మనవరాలిని తనే సాకుతోంది. ఆ పిల్లకి కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం ఉబ్బుగా ఉండేది.

మేం పిల్లలకి పెట్టే పిండి వేరే దేశం నుంచి ఓడలో వచ్చేది. పోర్టులో దిగి, గోదాముల్లో ఎన్నాళ్లుండేదో తెలీదు, చివరికి లారీలో మా దగ్గరకి చేరేది. మొక్కజొన్న, సోయా కలిపి మరపట్టిన పిండి. లేత పసుపు రంగులో ఉండేది. సోయాలో మాంసకృత్తులు కందిపప్పులో కంటే ఎక్కువని, చిక్కిపోయిన పిల్లలు దానితో కోలుకుంటారని శిక్షణలో మాకు చెప్పారు. నేనా మాట పేటలో చెబితే ఒక తల్లి నవ్వింది.

"మాకు సేపలుండగా ఈ పిండెందుకు పంతులమ్మా?"

ఆమె నెత్తిమీద గంపలో వంజరాలున్నాయి. అవి బజారుకి. ఇంట్లో పిల్లలకి మిగిలేది గంజి, ఏదో ఒక చేప తలకాయ. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి వారం శిక్షణలో చెప్పినట్టే మరిగే నీళ్లలో పిండి పోసి కలిపి పెట్టాను. పచ్చిచిక్కుడు గింజల వాసన. పిల్లలు నోట్లో పెట్టుకుని అక్కడే ఉమ్మేశారు. ఆయా ఒక చిటికెడు నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"ఏయించకుండా పెడితే ఎవులు తింతారమ్మా? శనగలైనా ఏయించుకునే తింతాం కదా."

అప్పటినుంచి పెద్ద బాణలిలో సరుగుడు పుల్లల మంట మీద పిండి వేయించడం మొదలుపెట్టాం. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేసరికి నా కుడి భుజం పడిపోయేది. అందులో బెల్లం వేసి ఆయా ఉండలు చుట్టేది. పిల్లలు తిన్నారు. నెలలు గడిచేకొద్దీ ఆయా మనవరాలి పొట్ట తగ్గింది, బుగ్గల మీదకి కాస్త కండ వచ్చింది. ఆ ఏడాది నాకు కలిగిన సంతోషం అదొక్కటే.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కేంద్రం ఒక్క గది. బస్తాలు నేలమీదే, గోడకి ఆనించి పెట్టాం. ఉప్పుగాలికి గోడలు చెమ్మగిల్లాయి. ఒకరోజు అడుగు బస్తా విప్పితే పిండి గడ్డలు కట్టి ఉంది, పురుగు పట్టింది. అంతకన్నా ముందు వాసన తగిలింది, పాత నూనె వాసన. సోయాలో నూనె ఉంటుంది, చెమ్మకి, వేడికి అది చెడిపోతుంది. ఆ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరుకి చూపించాను. ఆవిడా నాలాగే అలిసిపోయిన మనిషి, ఆ రోజు ఇంకా మూడు పేటలు తిరగాలి.

"పాడైందని రాస్తే సంజాయిషీ నువ్వే ఇచ్చుకోవాలి. జల్లించి వాడెయ్యమ్మా. వేయిస్తున్నావు కదా, పోతుందిలే," అని వెళ్లిపోయింది.

జల్లించాను. పురుగు పోయింది గాని వాసన పోలేదు. ఆయా చేట మీదికి వంగి వాసన చూసింది.

"ఒద్దమ్మా. నూనె సెడిపోనాది. ఎండుసేప ఇలాగ కంపు కొడితే నాను ఎవులికీ అమ్మీదాన్ని కాదు."

"పారేస్తే పిల్లలకేటి పెడతాం పెద్దమ్మా? మళ్లీ లారీ ఎప్పుడొస్తాదో తెల్దు."

నేను బెల్లం ఎక్కువ వేశాను. ఆమె ఉండలు చుట్టింది. మనవరాలికీ ఒకటి ఇచ్చింది. నామీద నమ్మకంతో ఇచ్చిందో, పిల్ల ఆకలి చూడలేక ఇచ్చిందో నేను అడగలేదు.

మర్నాడు నలుగురే వచ్చారు. మిగతా పిల్లలకి వాంతులు, విరేచనాలు. తల్లులు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు.

"పురుగుల పిండి పెట్టినావంట. మా పిల్లలు కుక్కలనుకున్నావేటి?"

తక్కిన పిల్లలు రెండు రోజుల్లో తేరుకున్నారు. ఆయా మనవరాలు మాత్రం తేరుకోలేదు. కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకలేదు. ఆయా, నేను పిల్లని ఒళ్లో వేసుకుని బస్సెక్కి పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. సెలైను ఎక్కించారు. మూడు రోజులు ఆ వరండాలోనే కూర్చున్నాం. ఆయా నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండుననిపించింది.

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాను.

"సుట్టింది నాను కదమ్మా. నా ముక్కు సెప్పింది, నాను ఇనలేదు," అంది.

పిల్ల నాలుగో రోజు గంజి అడిగింది.

తిరిగి వచ్చాక రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాశాను. పాడైన బస్తాల్ని ఇసకలో గొయ్యి తవ్వి పూడ్చాం. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. సూపర్‌వైజరు చాలాకాలం నాతో ముభావంగా ఉంది. కొత్త పిండి వచ్చేదాకా రోజూ ఖాళీ గది తెరిచి కూర్చునేదాన్ని.

బస్తాలు వచ్చేలోపు ఆయా తన వాళ్లని అడిగి పాత పడవ చెక్కలు మోయించుకొచ్చింది. వాటిని రాళ్లమీద పరిచి, బస్తాలు రాగానే చెమ్మ తగలకుండా గోడకి జానెడు ఎడంగా పేర్చాం. ముందు వచ్చిన బస్తా ముందు వాడాలనుకున్నాం. విప్పిన పిండిని మూతలున్న నూనెడబ్బాల్లో పోశాం.

ఇల్లిల్లూ తిరిగి ఇదంతా తల్లులకి చెప్పాను. విన్నారు, కానీ పిల్లల్ని పంపలేదు. ఆ చలికాలంలో చేపలు పడలేదు. పడవలు ఖాళీగా తిరిగొచ్చాయి. అప్పుడు ఒక్కొక్కరే పిల్లల్ని తెచ్చి గుమ్మంలో దింపి, నా మొహం చూడకుండా వెళ్లిపోయారు. నన్ను నమ్మి పంపలేదు, ఇళ్లల్లో ఏమీ లేక పంపారు. అది తెలిసీ బాణలి పొయ్యి మీద పెట్టాను.

ఎనభైల నడుమ నన్ను ఆనందపురం వైపు ఒక ఊరికి మార్చారు. అక్కడ బస్తా దిగగానే మూతి విప్పి, గుప్పెడు పిండి వాసన చూసి, చిటికెడు నమిలి, ఆ తర్వాతే సంతకం పెట్టేదాన్ని. లారీవాళ్లు విసుక్కునేవారు. ఊళ్లోవాళ్లు నాకు చాదస్తమనేవారు. అననిచ్చాను. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.