గంప దగ్గర ఆగిన చెయ్యి

2019 ఎన్నికల వేసవిలో నన్ను పెడన దాటాక గుడివాడ రోడ్డు మీద పెట్టిన చెక్‌పోస్టులో వేశారు. నేను హోంగార్డుని. అంటే పోలీసుని కాదు, పోలీసు పక్కన ఖాకీ కట్టుకుని నిలబడే మనిషిని. మా ఆయన హోంగార్డుగా చేస్తూ పోతే ఆ చోటు నాకిచ్చారు. సంతకం పెట్టగలను, బండి నంబరు చదవగలను, అంతకుమించి అక్షరం రాదు. ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

బండి ఆపటానికి ఒక పద్ధతి ఉంది. చెయ్యి ఎత్తి పక్కకు తీయించటం వరకే నా పని. సోదా చేయమని ఎస్సైగారు చెప్పాలి. దారిన పోయేవాళ్ళలో ఇద్దరిని మధ్యవర్తులుగా పిలిచి వాళ్ళ ఎదుటే చూడాలి. ఏదైనా దొరికితే పంచనామా రాసి వాళ్ళ చేత సంతకం పెట్టించాలి. ఆడవాళ్ళనైతే ఆడమనిషే, చాటున, మర్యాదగా తడమాలి. ఆ పోస్టులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. దాంతో నాకు కాస్త కొమ్ములొచ్చాయి. నేను లేకపోతే ఎన్నికలే జరగవన్నట్టు నిలబడేదాన్ని.

ఒకరోజు పొద్దున పెళ్ళివ్యాను వచ్చింది. పెడన నేతవాళ్ళు. పెళ్ళికూతుర్ని తీసుకుని ముదినేపల్లి మగపెళ్ళివారింటికి తరలి వెళ్తున్నారు. అలాంటి వ్యానులోనే మందు సీసాలు పోతున్నాయని ఎస్సైగారికి అప్పటికే ఫోను వచ్చింది. ఒక్క సీసా దాటినా, దాటనిచ్చినవాళ్ళు మర్నాటినుంచి డ్యూటీకి రానక్కర్లేదని ఆయన ముందే చెప్పి ఉన్నారు. కానిస్టేబులుకైతే మెమోతో పోతుంది. హోంగార్డుకి డ్యూటీ లేదంటే ఇంట్లో పొయ్యి లేదు. అటు వాళ్ళకేమో ముహూర్తం దగ్గర పడుతోంది.

మగవాళ్ళని దింపి కానిస్టేబుళ్ళు చూశారు. సీట్ల కిందా, టాపు మీదా ఏమీ లేదు. ఇక నా వంతు. పెళ్ళికూతురి మామ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది. నా నుదురు చూసింది, మెడ చూసింది. శుభమా అని వెళ్తుంటే ఇలాంటి చెయ్యి పిల్ల మీద పడటానికి వీల్లేదని, నాతో కాకుండా గాలితో అన్నట్టు అంది. వెనక సీటులోంచి కోడలు సర్దిచెప్పింది.

"బొట్టు లేకపోతే ఏంటత్తా, ప్రార్థనల వాళ్ళయ్యుంటారు. బందరు చుట్టూ సగం మంది వాళ్ళేగా."

మామ్మ మొహం విప్పారింది. నేను ఔననలేదు, కాదనలేదు. తెరలా చీర అడ్డం పట్టించి, లోపల ఒక్కొక్కళ్ళనీ తడిమాను. ఏమీ లేదు. దిగబోతుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుని, ఎలాగూ ప్రార్థనల మనిషివి గనక పిల్లకి ఓ ప్రార్థన చేసి పొమ్మంది. మా వీధి చివర చర్చి మైకు రోజూ వినేదాన్నే గానీ ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పెళ్ళికూతురి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ బిడ్డని చల్లగా చూడు ప్రభువా అన్నాను. ఎలా ముగించాలో తెలియలేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎస్సైగారు. నోటికి అలవాటైన మాటే వచ్చింది, "యస్ సార్" అన్నాను. వ్యానులో వాళ్ళంతా భక్తిగా ఆమెన్ అన్నారు.

ఎస్సైగారు నవ్వలేదు. పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర పసుపు గుడ్డ కప్పిన గంప చూపించారు.

"ఏమ్మా, అది చూశావా?"

"లేదండి."

"ఏం?"

"పసుపుకుంకుమల గంపండి. నేను ముట్టుకోకూడదు. మొగుడు పోయినదాన్ని."

అక్కడున్న అందరూ ఆ సంగతి మర్చిపోయి హాయిగా ఉన్నారు. గుర్తుపెట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆయన పోయినప్పట్నుంచి ఏ పెళ్ళిలోనైనా అలాంటి గంప కనబడితే, ఎవరూ వద్దనకముందే పక్కకు జరిగేదాన్ని. ఆ వ్యానులో కూడా నా కుచ్చిళ్ళు తగలకుండా ఎత్తిపట్టుకుని, దాని చుట్టూ తిరిగి వచ్చాను. చట్టం నాకిచ్చిన అధికారం ఆ గుడ్డ అంచు దాకే వెళ్ళి ఆగింది.

మామ్మ లబలబలాడింది. గంప చూడటానికి ఆడమనిషే అక్కర్లేదని ఎస్సైగారు కానిస్టేబుల్ని పిలవబోతే, దాన్ని కావలించుకుని కూర్చుంది. అప్పటిదాకా తల వంచుకున్న పెళ్ళికూతురు నోరు విప్పింది.

"ఆవిడ చెయ్యి నా నెత్తినే పడింది కదా మామ్మా, నేనేమన్నా మాడిపోయానా? ముహూర్తం దాటిపోతోంది. పిన్నిగారూ, మీరే తియ్యండి."

కాలితో గంపని నా వైపు తోసింది. మధ్యవర్తుల ఎదుట గుడ్డ తీశాను. పైన పసుపు, కుంకుమ, తలంబ్రాల బియ్యం. వాటి కింద కొబ్బరికాయలు. వాటి కింద కొత్త తువ్వాళ్ళలో చుట్టిన సీసాలు. పెళ్ళికూతురి మేనమామ ఎవరూ అడక్కుండానే వచ్చి, అవి తనవేనని ఒప్పుకున్నాడు. ఆ గంపని ఎవరూ ముట్టుకోరనే అందులో పెట్టానన్నాడు. నా సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

పంచనామా రాశాక సీసాలూ, మేనమామా మా దగ్గర ఉండిపోయారు. వ్యాను వెళ్ళిపోయింది. కదిలేముందు మామ్మ, ఇందాకటి ప్రార్థన చెల్లుతుందా అని అడిగింది. పంచనామాలో రాయించమంటారా అన్నారు ఎస్సైగారు. నన్ను మాత్రం తిట్టలేదు, మెచ్చుకోలేదు. మర్నాడు డ్యూటీలో నా పేరు ఉంది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఒకటే పద్ధతి పాటించాను. బండి ఎక్కగానే నా చెయ్యి ఏ వస్తువు దగ్గర వెనక్కి పోతుందో చూసుకునేదాన్ని. దాన్నే ముందు తెరిచేదాన్ని.