ఙ అంటే నోరు తెరవడం

విన్నిపెగ్‌లో నేను పార్ట్‌టైమ్ చేసే వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం పెట్టే చికెన్‌కు ఎముక ఉండదు, కండ ఉండదు. నమలలేనివాళ్ళ కోసం మిక్సీ పట్టి, కోడికాలు ఆకారంలో అచ్చు పోసి తెస్తారు. చచ్చిన కోడికి అది రెండో అవమానం. వాసనకే మాస్కును ముక్కు మీదికి ఇంకాస్త లాక్కోవాల్సి వచ్చేది.

ఆ ముద్దను ఒక ఫిలిపినో మామ్మగారికి తినిపించడం నా డ్యూటీ. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఇంగ్లీషు పోయి, సొంత భాష ఒక్కటే మిగిలింది. బరువు తగ్గిపోతోంది. ఇలాగే నోరు మూసుకుంటే పొట్టలోకి ట్యూబు వేయాల్సిందేనని నర్సు చెప్పింది. కూతురు కారిడార్‌లో గోడవైపు తిరిగి ఏడ్చింది.

వార్డులో నా సీనియర్ కూడా ఫిలిపినో ఆవిడే. "ఙఙా" అనమంది. నోరు బాగా తెరవమని అర్థమట. ఆ శబ్దం మా అక్షరమాలలోనే ఉందని గొప్పలు పోయాను. క ఖ గ ఘ తర్వాత పనీపాటా లేని ఇల్లరికపుటల్లుడిలా కూర్చుని ఉంటుంది. అయితే పలకమంది. మా బడిలో టీచరే దాన్ని దాటేసి 'చ' దగ్గరికి పోయేది. నా నోట ముందు "నంగా" వచ్చింది, తర్వాత "గంగా" వచ్చింది.

నాలుక వెనక భాగం పైకెత్తి, గాలి ముక్కులోంచి వదలమంది. మైనస్ ముప్పైలో బస్‌స్టాప్ నుంచి నడిచొచ్చిన ముక్కు అది. గాలితోపాటు ఏమేం వదిలిందో మాస్కుకే తెలుసు.

మొత్తానికి పలికింది. మామ్మగారు మాత్రం నోరు తెరవలేదు. నా చేతిలో చెంచా లాక్కుని, ముద్ద తీసి, నా మూతి ముందు పెట్టింది. అప్పటికే ఆవిడ పెదవులకు తగిలిన చెంచా.

"మా ఇళ్ళలో పక్కవాళ్ళను తినమనకుండా ముద్ద ఎత్తం," అంది సీనియర్. "నువ్వు ఎదురుగా ఊరికే కూర్చుంటే ఆవిడ ఎలా తింటుంది?"

మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎత్తిపోసుకునే తాగుతాం. ఎంగిలంటే అంత పట్టింపు. వేరే చెంచా తెస్తానన్నాను. మామ్మగారు చెయ్యి దించలేదు.

"ఙఙా," అంది. ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు.

మాస్కు దించి, కళ్ళు మూసుకున్నాను. నానిన అట్టముక్కకు ఉప్పు రాసినట్టుంది. మింగాను. వెంటనే వచ్చిన వాంతినీ మింగాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ పళ్ళ డాక్టరు ముందు తెరిచినంత నోరు తెరిచి ఉంది. పరిగెత్తి వేర్వేరు చెంచాలు తెచ్చాను. ఆవిడకో ముద్ద, నాకో ముద్ద. పళ్ళెం ఖాళీ అయింది.

ట్యూబు మాట నర్సు ప్రస్తుతానికి పక్కన పెట్టింది. ఇకమీదట అమ్మ దగ్గర డ్యూటీకి నన్నే వేయమని కూతురు మేనేజర్‌ను అడుగుతుంటే, నేను సింకు దగ్గర నోటినిండా నీళ్ళతో పుక్కిలిస్తున్నాను. వద్దని చెప్పే వీలు లేకపోయింది.