అరాద్‌లో పదకొండో కప్పు

మెడలో స్టెతస్కోపు ఇంకా కొత్త వాసన వేస్తున్న ఆ రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో ఏదైనా ఉందంటే అది తెలుసుకోదగ్గది కాదని నా గట్టి నమ్మకం. ఎంబీబీఎస్ పట్టా, బహ్రెయిన్‌లో వైద్యం చేయడానికి లైసెన్సు, మనామాలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం, ఈ మూడూ ఇరవై ఏడేళ్లకే చేతికొస్తే మనిషి కాళ్లు నేల మీద ఎందుకు ఆనుతాయి? (అద్దం ముందు నిలబడి "డాక్టర్ సాబ్" అని నన్ను నేనే పిలుచుకున్న మాట ఇప్పుడు ఒప్పుకుంటే నష్టమేం లేదు.)

ఒకరోజు పొద్దున్నే మా పెద్ద డాక్టరు గారు పిలిచి, మనామాకు దగ్గర్లోని అరాద్‌లో ఒక ముసలాయనకు షుగరు ముదిరి కాలి బొటనవేలు నల్లబడిందనీ, ఆసుపత్రి పేరెత్తితే కొడుకుల మీద కేకలేస్తున్నాడనీ, నువ్వెళ్లి ఒప్పించి రమ్మనీ అన్నారు. "ఇప్పటికే ఇద్దరు డాక్టర్లు వెళ్లొచ్చారోయ్" అని కూడా అన్నారు. ఆ ఇద్దరిలో నేను లేను కదా అనుకున్నాను. నన్ను తీసుకెళ్లింది మా క్లినిక్ డ్రైవరన్న. జగిత్యాల మనిషి, పదిహేనేళ్లుగా బహ్రెయిన్‌లో ఉంటూ వాళ్ల ఊళ్లో గల్ఫంతా దుబాయే కనుక, ఊరికి ఫోన్ చేస్తే మాత్రం "దుబాయిలనే ఉన్న" అనేవాడు. "ముసలాయన మస్తు మొండోడంట సార్, జర పైలం" అన్నాడు దారిలో. "సైన్సు ముందు మొండితనం నిలవదన్నా" అన్నాను. (అవును, ఈ మాట అన్నది నేనే.)

ముసలాయన పెద్ద గదిలో గోడవారగా పరిచిన పరుపుల మీద, ముగ్గురు కొడుకుల మధ్య మహారాజులా కూర్చున్నాడు. వయసులో ఉండగా బొంబాయితో వ్యాపారం చేశాడట, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. కట్టు విప్పి చూస్తే చీము పాదంలోకి పాకుతోంది. ఆ రోజే ఆసుపత్రిలో చేరితే వేలితో పోతుంది, ఇంకో రెండు రోజులు ఆగితే కాలో ప్రాణమో పోతుంది. అదే చెప్పాను. "ముందు గహ్వా తాగు" అన్నాడాయన. గహ్వా అంటే యాలకులు వేసి కాచిన చక్కెర లేని కాఫీ, పిడి లేని బుల్లి కప్పులో రెండు మూడు గుక్కలు పోస్తారు. పెద్ద కొడుకు పోశాడు, తాగాను. మళ్లీ పోశాడు. పరాయింట్లో పెట్టింది వదిలేస్తే వాళ్లను అవమానించినట్టేనని మా మేనత్త చెవి మెలేసి నేర్పింది కనుక మళ్లీ తాగాను. రక్తనాళాల గురించి చెబుతూ రెండు కప్పులు, ఇన్‌ఫెక్షన్ గురించి చెబుతూ మూడు. నేను చెబుతూనే ఉన్నాను, ఆయన "రాను" అంటూనే ఉన్నాడు, కొడుకు పోస్తూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర డ్రైవరన్న నా వంకే చూస్తూ కుడిచేతిని అదే పనిగా ఆడిస్తున్నాడు. పాపం, చేతి వణుకు ఉన్నట్టుంది, థైరాయిడ్ పరీక్ష చేయించాలి అనుకున్నాను.

పది కప్పులయ్యేసరికి నా గుండె చప్పుడు స్టెతస్కోపు లేకుండానే నాకు వినబడుతోంది. పదకొండోది పోశాక ఇక నా వల్ల కాలేదు. మేనత్తకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని, కప్పును తాగకుండా అలాగే కింద పెట్టేశాను. కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాయన నిటారుగా సర్దుకుని, "నీకేం కావాలి?" అన్నాడు. బాత్రూము ఎక్కడని అడగబోయి ఉగ్గబట్టుకున్నాను. "మీరు ఇప్పుడే ఆసుపత్రికి రావాలి" అన్నాను. ఆయన నన్నూ, కప్పునూ, తన కాలునూ వరసగా చూసి, "కాఫీ తాగు. నువ్వడిగింది అయినట్టే" అన్నాడు. పెద్ద కొడుకు కళ్లు తుడుచుకుంటూ కారు తీయడానికి పరిగెత్తాడు. పదకొండో కప్పు కూడా తాగేశాను. నా వాగ్ధాటికి నాకే ముచ్చటేసింది.

వాళ్ల కారు ముందు, మాది వెనక. "చూశావా అన్నా, అంతా చెప్పే తీరులో ఉంటుంది" అన్నాను. డ్రైవరన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీ మాటలకు కాదు సార్, కప్పుకు వచ్చిండు. ఇగ చాలు అంటే కప్పు గిట్ల ఊపి ఇయ్యాలె. నేను అప్పటిసంది చెయ్యి ఊపుతనే ఉన్న, మీరు చూస్తిరా? తాగకుంట కింద పెడితే ఏందో అడగనీకి వచ్చినట్టు. ఇంటాయన కాదనొద్దు, అది వీళ్ల ఇజ్జత్." (థైరాయిడ్ సంగతి అన్నకు ఈనాటికీ చెప్పలేదు.)

వేలు పోయింది, కాలు దక్కింది. కొన్ని నెలలకు ముసలాయన ఖర్జూరాల డబ్బా పట్టుకుని, తన కాళ్ల మీదే నడుచుకుంటూ క్లినిక్‌కు వచ్చి, నా తెలివిని అందరి ముందూ తెగ మెచ్చుకున్నాడు. ఆ పొగడ్త మోయలేక, అందరూ వెళ్లాక ఒప్పేసుకున్నాను, మీ ఆచారం నాకు తెలియదు, కడుపు నిండి కప్పు కింద పెట్టానంతే అని. ఆయన పకపకా నవ్వాడు. "తెలుసు బేటా. పది కప్పులు వరసగా తాగినవాడికి మా ఆచారం తెలుసని ఎవరనుకుంటారు? కానీ నాకు భయం. మా నాన్న ఇలాంటి పుండుతోనే ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. కొడుకుల ముందు రానని అన్నిసార్లు అరిచాక, సరే వస్తానని ఏ మొహంతో అనను? నువ్వు కప్పు కింద పెట్టావు, నేను బతికిపోయాను."

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు వచ్చి, ఎంత చెప్పినా రోగి వినడం లేదు సార్ అని విసుక్కుంటే, "వింటూనే ఉంటాడు. సరే అనడానికి ఆయనకో సాకు దొరికిందా లేదా చూడు" అంటాను. ఈయనకు మతి పోయిందా అన్నట్టు చూస్తారు. ఆ వయసులో నేనూ సరిగ్గా అలాగే చూసేవాణ్ణి కనుక, వాళ్లను చూస్తే కోపం రాదు, ముద్దొస్తుంది.