మత్తు డాక్టరమ్మకు నేను చెప్పిన అబద్ధం

నాయనా, తల్లీ, ఇద్దరూ వినండి. మీ అవ్వది మెత్తని నోరని అందరూ అంటారు కదా, ఆ మెత్తని నోటితోనే ఒకసారి నా పీకల మీదికి తెచ్చుకున్నా. మీరు నవ్వుకోండి, పర్లేదు.

మూడేండ్ల కింద మాట. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. తింటే నొప్పి, తినకుంటే దిగులు. అప్పుడు నేను తొంభై ఎనిమిది కేజీలు. నేను ఆటో ఎక్కితే మీ తాత డ్రైవరు పక్కన ఇరుక్కోవల్సిందే, అంత! హిందూపురంలో ఆపరేషన్ అన్నారు. ముందు మత్తు డాక్టరమ్మ చూసి సరే అనల్లంట. పరిగిలో ఉండే మన చుట్టం ఒకామెను ఆ ఆసుపత్రిలోనే "నీ ఒళ్ళుకు ఈడ కాదు, బెంగళూరు పో" అని తిప్పి పంపించినారు. ఆమె ఇంకా నొప్పితోనే తిరుగుతాండె. నాకూ అదే భయం. ఇంకొక్క దినం ఓర్చుకునే శక్తి కూడా లేదు నాకు.

ధర్మవరంలో నలభై ఏండ్లు పట్టుచీరలు అమ్మినదాన్ని. యాడన్నా పోగు తెగుంటే ఆ పక్క మడత లోపలికి తిప్పి, మంచి అంచు ముందుకు పెట్టి చూపించేది నా చేతికి అలవాటు. డాక్టరమ్మ ముందర నన్ను కూడా అట్లే మడత పెట్టి కూర్చోబెట్టుకున్నా.

ఆ పిల్లకు మీ వయసే ఉంటాది. "అవ్వా, నోరు తెరిచి నాలుక బయటికి పెట్టు" అనింది. టార్చి ఏసి చూసి, "లోపల గొంతే కనపడదే!" అనింది.

"ఆడే ఉంటాదమ్మా, సరిగా చూడు."

టేపు తీసి మెడ కొలవబోయింది. నేను కొంగ మాదిరి మెడ సాగదీసి, ఊపిరి బిగబట్టినా.

"ఊపిరి వదులవ్వా."

"నాది ఇంతేనమ్మా."

"గురక పెడతావా?"

"నేనా? అయ్యో! పక్కలో మనిషి ఉన్నట్లే తెలీదు."

పక్కన కూర్చున్న మీ తాత దగ్గినాడు. గమ్మున ఆయన కాలు తొక్కినా. తొంభై ఎనిమిది కేజీలూ ఆ కాలి మీదనే. పాపం, కండ్లల్లో నీళ్ళు.

"నిజమేనా తాతా?"

"నిజమేనమ్మా, శానా నిజం" అన్నాడు, ఆ కాలు ఇడిపించుకునేదానికి.

"సరే, బయట కూర్చోండి. కాగితం రాసిస్తా" అనింది. గెలిచినా అనుకున్నా. వరండాలో బెంచీ, పైన ఫ్యాను, పొద్దున్నుంచి తిరిగిన అలుపు. కండ్లు మూతపడె.

తెరిచేసరికి మీ తాత నా భుజాలు పట్టి ఊపుతాండాడు. "ఏమే! ఊపిరి తీసుకోవే! ఏమే!" నర్సు పరిగెత్తుకొస్తాంది. ఎదురుగా డాక్టరమ్మ, చేతి వాచీ చూసుకుంటా. చుట్టూ జనం.

"ఏమైందప్పా?" అన్నా.

పక్క బెంచీ పెద్దాయన చెప్పినాడు: "ఏం లేదులేమ్మా. ఫస్టు బోరు లారీ వచ్చిందనుకున్యాం. ఆ సద్దు ఆగిపాయ. నువ్వే పోయినావనుకున్యాం."

నా మడతలన్నీ ఆడే ఊడిపోయినాయి. "బెంగళూరు పంపిస్తావని అబద్ధం చెప్పినా తల్లీ" అని ఏడ్చినా.

డాక్టరమ్మ నా పక్కన కూర్చునింది. "పంపించేదానికి కాదవ్వా అడిగేది. మత్తిస్తే నీ ఊపిరి నీ చేతిలో ఉండదు. నేను గొంతులోకి పైపు దింపల్ల. మెడ లావుంటే, గురకుంటే దారి దొరకడం కష్టం కావచ్చు. ముందే తెలిస్తే కెమెరా పైపు తెప్పించుకుంటా, ఇంకో డాక్టర్‌ను పక్కన పెట్టుకుంటా. తెలీకుండా నిన్ను నిద్రపుచ్చింటే?" నాకంటే ఆమెకే ఎక్కువ భయమేసింది. సిగ్గుతో చచ్చిపోయినా.

పదహైదు దినాలు పడుకునేటప్పుడు ముక్కుకు గాలి మిషన్ పెట్టుకోమనింది. పెట్టుకున్నా, తొండమున్న ఏనుగు మాదిరి. తర్వాత ఖాళీ కడుపుతో రమ్మని దినం చెప్పింది.

ఆ దినం థియేటర్‌లో అంతా సిద్ధం. కెమెరా పైపు, ఇంకో డాక్టరు, ఇద్దరు నర్సులు. "అవ్వా, ఈసారి అంతా నిజమే చెప్పల్ల" అనింది డాక్టరమ్మ.

"ఒట్టు తల్లీ!" అని గుమ్మరించేసినా. "గురక పెడతా. పక్కింటోళ్ళు గోడ కొడతారు. కింద రెండు పళ్ళు ఊగుతాయి. బియ్యంలో బెల్లం దాచిపెట్టుకోని తింటా."

"శభాష్ అవ్వా! పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా?"

"నిజం చెప్పమంటివి కదా తల్లీ... పెనుకొండలో బస్సు ఆగినప్పుడు, ఆయన కిందికి దిగినప్పుడు, రెండు ఇడ్లీలు. చిన్నవే."

రెండో డాక్టరు గ్లవ్స్ ఇప్పేసినాడు. కెమెరా పైపు మళ్ళా పెట్టెలోకి పోయింది. "మత్తులో ఆ ఇడ్లీలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం గతి అవ్వా?" అని డాక్టరమ్మ తల పట్టుకునింది. తలుపు బయటినుంచి మీ తాత, "ఏమైందమ్మా? అంతా బాగుండాదా?" అని ఒకటే అరుపు. ఆయనకు ఎవరు చెప్తారు?

మరుసటి దినం చేసినారులే. పైపు సక్కగా దిగింది, రాళ్ళు బయటికొచ్చినాయి, నేనిట్ల మాట్లాడతాండా. మీ ఇద్దరి సాక్షిగా చెప్తాండా, ఇంక ఈ జన్మలో ఏ మత్తు డాక్టరు అడిగినా అబద్ధం చెప్పను. మూడేండ్లైంది, ఒక్కసారి కూడా ఒట్టు తప్పలేదు.

మళ్ళా ఎవరూ అడగలేదనుకో.