అంచుదాకా నింపిన తొట్టి

ఉడికే పాలకూర వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, సరోజ టీచరమ్మ గుర్తొస్తారు. నిన్న షోళింగనల్లూరులో మా ఆఫీసు క్యాంటీన్‌లోనూ అదే జరిగింది. ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మైలాపూరులో ఆమె ఇంటి మేడమీద అద్దెకుండేదాన్ని. స్కూల్లో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆ ఏడు వానలు పడగానే, పక్క వీధిలో పునాదికి తవ్విన గుంతలోకి చీర ఎగదోపుకుని దిగిపోయారు. ఒంటినిండా బొడిపెలుండే నేలకప్ప పెట్టిన గుడ్లు నల్లపూసల దండల్లా గడ్డికి చుట్టుకుని ఉన్నాయి. మర్నాడు అందులో కాంక్రీటు పోస్తారు. మేస్త్రీ నవ్వుతున్నా ఆమె ఖాతరు చేయలేదు. "వాళ్ళ పని వాళ్ళు చేస్తారు, మన పని మనం చేస్తాం" అంటూ బకెట్టుతో తెచ్చి, హాల్లో ఖాళీగా పడి ఉన్న చేపల తొట్టిలో వేశారు.

లారీలో వచ్చే నీళ్ళు పట్టి, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజంతా బయట ఉంచేవారు. పాలకూర మెత్తగా ఉడికించి చిటికెడు చిటికెడు వేసేవారు. చివరికి ఇరవైయొక్క తోకకప్పలు నిలిచాయి. వాటికి వెనక్కాళ్ళు వచ్చాక ఆమె కంటి ఆపరేషన్ రోజు వచ్చింది. నాలుగు రోజులు కూతురింట్లో ఉండాలి.

"ముందుకాళ్ళు వచ్చినాయంటే అవి గట్టెక్కాల. నీళ్ళు రెండు వేళ్ళ లోతే ఉంచి, ఈ పెంకు ఏటవాలుగా పెట్టు. లేకుంటే గాలి అందక మునిగి చస్తాయి. విన్నావా పాపా?"

"విన్నానండీ" అన్నాను, ఫోన్లో ఆఫీసు మెసేజీ చూసుకుంటూ.

నిజానికి ఏమీ వినలేదు. రెండోరోజు తొట్టి సగమే ఉందని, నీళ్ళలో పుట్టినవాటికి నీళ్ళెక్కువైతే సుఖమే కదా అని, అంచుదాకా నింపాను. తెల్లారేసరికి ఐదు తేలి ఉన్నాయి. చిట్టి చేతులు చాపుకుని ఉన్నాయి. ఏదో జబ్బనుకుని వాటిని కరివేపాకు కుండీలో పూడ్చేశాను. సాయంత్రం ఆమె ఫోన్ చేసి "పిల్లలెట్లుండాయి?" అని అడిగితే, బాగున్నాయన్నాను.

మర్నాడు మరో మూడు పోయాయి. అప్పుడు నేనే ఫోన్ చేసి ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"నీళ్ళెంతుండాయి?"

"నిండా ఉన్నాయండీ."

"సరి. ఏడుపు తర్వాత. చెంబు తీసుకో."

నేను నీళ్ళు తోడుతుండగానే నల్లకళ్ళద్దాలతో ఆటో దిగారు. వెనకాలే కూతురు సణుగుతూ వచ్చింది. "డాక్టరు నన్ను వంగొద్దన్నాడు, నువ్వు వంగు" అంటూ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. తొట్టి కింద ఒకవైపు చెక్క పెట్టించారు, పెంకు సర్దించారు. ఒక్కొక్కటీ పైకెక్కి ఊపిరి పీల్చుకునేదాకా మమ్మల్నిద్దరినీ కదలనివ్వలేదు. మిగిలిన పదమూడూ బతికాయి.

తోకలు కరిగిపోయాక, ఒక ముసురు రోజు పెరట్లో తడినేల మీద వాటిని వదిలాం. ఒక్కోటీ బఠాణీ గింజంత ఉంది.

"ముందు పోయిన ఐదూ తెలీక పోయినాయి పాపా. దానికి నేనేమనను" అన్నారు. తర్వాతి మూడింటి మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కాస్త తేలికపడేది.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. నా చేతిలో ఏదైనా చెడితే, సర్దుకునే దారి వెతకడానికి ముందే వెళ్ళి చెప్పేస్తాను. ఆ ఐదింటి విషయంలో నన్ను నేను ఏనాడో క్షమించుకున్నాను. ఆ మూడూ మాత్రం నేను దాచినందుకే చచ్చాయి.