సాగర్ మీద నేను తెచ్చిపెట్టిన మబ్బు

పోయిన నెల తీసిన ఫోటోలన్నీ చప్పగా వచ్చాయని వారం రోజులుగా నాకు స్థిమితం లేదు. వంట చేస్తున్నా అవే, బట్టలు మడతపెడుతున్నా అవే. సెలవు దొరకగానే కెమెరా సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. ఎంత తొందరపడ్డా నరసరావుపేటలో ఎనిమిదింటి బస్సే దొరికింది. మాచర్లకి రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు నూట యాభై లోపే. దారి పొడవునా కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎర్రగా కనపడుతుంటే దిగిపోదామా అని ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో!

మాచర్ల బస్టాండు బయట కోటయ్య అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. ఎత్తిపోతల జలపాతం, సాగర్ ఒడ్డునున్న విజయపురి సౌత్ చూపించి వెనక్కి తెచ్చేందుకు వెయ్యి రూపాయలు. "జలపాతం కాడ అరగంట చాలమ్మా, సాగర్ కాడ ఎంతసేపైనా ఉండు," అన్నాడు. నేను ఆ అరగంట కూడా నిలవలేకపోయాను. సాగర్ దగ్గర వెలుగు పోతుందేమోనని ఒకటే హైరానా. తీరా చేరేసరికి పన్నెండు కావస్తోంది. నీళ్ళు తెల్లగా, కొండలు తెల్లగా, ఆకాశం మరీ తెల్లగా. ఏడుపొచ్చినంత పనైంది.

అయినా ఫోన్‌తో ఒకటి తీసి, టీ బంకు దగ్గర కూర్చుని దాన్ని దిద్దడం మొదలుపెట్టాను. వెలుగు కాస్త తగ్గించి, కొండల నీడలు కాస్త తేల్చాను. అక్కడికి నిజంగానే బాగుంది. ఆగాల్సింది. చెయ్యి ఊరుకుంటేనా! కనీకనపడని మేఘాల చారల్ని లాగి లాగి, నల్లటి మబ్బు చేసేదాకా వదల్లేదు. కోటయ్య తొంగిచూసి, "అబ్బ, చానా బాగుందమ్మా! నాకొకటి పంపు, స్టేటస్ పెట్టుకుంటా," అన్నాడు. మురిసిపోయి వెంటనే పంపాను.

కాసేపటికి ఆయన ఫోన్ మోగింది. భార్య నాగమణి గొంతు నాకూ వినపడుతోంది. "ఏమయ్యా, అక్కడ మబ్బు అంత నల్లగా దిగితే చెప్పొద్దా? కల్లంలో మిరపకాయలన్నీ కుప్ప చేసి పట్టా కప్పుతున్నాం!"

కోటయ్య తలెత్తి చూశాడు. "మబ్బేందే? ఎండ మండిపోతుంటే!"

"నువ్వేగా ఫోటో పెట్టింది!"

"అది ఫోన్‌లో చేసిన మబ్బే. పట్టా తియ్యి, పచ్చి ఆరని కాయ ఉడికిపోద్ది. రంగు పోతే ఎవడు కొంటాడు?"

"పోయినేడూ ఇట్టాగే వాన రాదన్నావు. సగం కాయ తడిసింది. ఈసారి నీ మాట వినను, కళ్ళారా చూశా," అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. "ఏడాది కష్టమంతా ఆ కల్లంలోనే ఉందమ్మా," అన్నాడు కోటయ్య. నాకు భయం వేసింది. "అన్నా, నీళ్ళ ముందు నిలబడు, ఎండ కనపడేలా ఫోటో తీస్తా," అన్నాను. "దీన్ని ఏం చేయమాక తల్లీ," అంటూ నిలబడ్డాడు. తీసింది తీసినట్టే ఆయన చేత నాగమణికి పంపించి ఆటో ఎక్కాం. జవాబు రాలేదు. దారంతా నేను ఆయన ఫోన్ వంక చూస్తూనే ఉన్నాను.

వాళ్ళ కల్లం మాచర్లకి ఇవతలే, రోడ్డు పక్కన. చేరేసరికి పట్టా ఒక పక్కకి లాగేసి ఉంది. నాగమణి కాయల్ని మళ్ళీ పలచగా నెరుపుతోంది. అప్పుడే కప్పినందువల్ల కాయ చెడలేదు. మొగుడితో, "నీ మాట నమ్మలేదులే. ఎండకి నువ్వట్టా కళ్ళు చికిలించావు చూడు, అది నమ్మా," అంది. నన్ను చూసి, "ఆ మబ్బు నువ్వేనా చేసింది? బాగుంది గానీ, కాయ ఎండేదాకా అట్టాంటియి పంపమాకమ్మా," అని నవ్వింది. సిగ్గుపడుతూ పట్టా మడతపెట్టడానికి ఓ చెయ్యి వేశాను.

ఇంటికొచ్చాక కోటయ్య ఫోటో తెరిచాను. వంకరగా ఉన్న నీటి గీతను సరిచేసి, కొండల మీద మసక ఇసుమంత తగ్గించాను. వేలు ఆకాశం వైపు పోతూనే ఉంది, ఇప్పటికీ పోతోంది. కానీ ఆ తెల్లటి ఎండ తీసేస్తే ఆయన ఎందుకు కళ్ళు చికిలించాడో ఎవరికీ తెలియదు. మీరు వెళ్తే నాలుగింటికి సాగర్ చేరేలా చూసుకోండి. అప్పటి వెలుగుకి కొండలు వాటంతటవే తేలతాయి, మబ్బు తయారుచేసే పని పడదు.