నువ్వుల రొట్టె, నేను మింగిన మాట

గొడవలు ముదిరి వయసొచ్చిన మగపిల్లలు ఇళ్లలో ఉండే వీలు లేకపోయిన ఆ రోజుల్లో మా అన్న కోదాడ దాటి, సంస్థానం హద్దుకు అవతలి శిబిరానికి పోయాడు. నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. నా ఒళ్లు మండిపోయింది.

నెల తర్వాత బండివాళ్ల చేత చీటీ పంపాడు. నాయన అప్పటికే లేడు, అమ్మకు చదువు రాదు. సూర్యాపేటలోని మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే. "మంచిగున్న. అమ్మ రమ్మంటే వస్త" అని రాశాడు. మొదటి మాట పైకి చదివి రెండోది మింగేశాను.

"వస్తనన్నడా?" అని అడిగింది అమ్మ.

"అనలే" అన్నాను.

ఆ రోజు నుంచి అమ్మ అన్న పేరెత్తలేదు. కొడుకు తనను వదిలేశాడని తీర్మానించుకుంది. నేనూ పంతానికి పోయి నోరు విప్పలేదు.

కొన్నాళ్లకు మిర్యాలగూడలో బడి మూతపడి, అక్కడ పంతులుగా ఉన్న మా చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు అడగాలన్నా చుక్కల దగ్గర మొదలుపెట్టే మనిషి. ఒక మధ్యాహ్నం అమ్మ జొన్నపిండి ముద్ద మీద నువ్వులు అద్ది రొట్టె తడుతుంటే పొయ్యి పక్కన చేరాడు.

"ఇగో వదినె, గీ నువ్వులు సూడు. నువ్వు తట్టినకొద్దీ గింజకూ గింజకూ ఎడం పెరుగుతాంది. ఒక్క గింజన్న నడిసిందా? నడుమ పిండి సాగింది, గంతే. ఈ చుక్కల లోకం గూడ గిట్లనే సాగుతాంది. ఏ గింజ కాడ నిలబడి సూసినా, కడమయన్నీ తనను ఇడిసిపోతున్నట్టే ఉంటది."

అమ్మ చేతులు ఆగాయి. "అయితే నా కొడుకు నన్ను ఇడిసిపోలేదంటవా?"

"ఎవ్వల తప్పూ లేదు వదినె. నడుమ జాగ పెరిగింది."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను చిన్నాయన వైపు తిరిగాను.

"చిన్నాయనా, లోకాన్ని తట్టే చెయ్యి ఎవ్వలది?"

"గాడ చెయ్యి లేదు బిడ్డా. దానంతటదే సాగుతది."

మా ఇంట్లో మాత్రం చెయ్యి ఉంది. అది నాది. ఏడుస్తూ చీటీ తెచ్చి, మింగిన మాట చదివాను. అమ్మ కొట్టలేదు. "రమ్మని రాయి" అంది. నేను రాసిన చీటీని పిండి చేత్తోనే అందుకుని, బండివాళ్లకు ఇమ్మని చిన్నాయనకు ఇచ్చింది.

ఇరవై రోజులకు కోదాడ బండి తిరిగొచ్చింది. అన్న మా కబురు కోసం చూసి చూసి శిబిరం వదిలి ఇంకా దూరం పోయాడట. ఎటు పోయాడో ఎవరికీ తెలియదట. బండివాడు మా చీటీ మాకే ఇచ్చాడు.

"మనం ఎనకనుంచి పంపిన ఎలుతురు, పోతున్న చుక్కను అందుకుంటదా చిన్నాయనా?" అని అడిగాను.

ఆయన ఆ చీటీని మడిచి నా చేతిలో పెట్టాడు. "దగ్గరున్నదాన్ని అందుకుంటది బిడ్డా. శానా దూరం పోయినంక అందుకోదు. జల్దీ పంపాలె."

అన్న మళ్లీ రాలేదు. అమ్మ పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.